మందు లేని సేద్యంలో మనిషి భద్రత: పొగాకు రుబ్బిన రోజు నేర్చుకున్నది



పోయిన వారం అగ్నాస్త్రం వీడియోలో నేను చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకొని, కళ్లకు అద్దాలు పెట్టుకొని, ముక్కుకి తువ్వాలు కట్టుకొని కనపడ్డాను. అది చూసి నలుగురైదుగురు ఫోన్ చేశారు. ఒకాయనైతే కాస్త ఎగతాళిగానే అడిగాడు. "ఏందన్నా, పురుగుమందు కొట్టేవాడి మాదిరి తయారయ్యావు? ప్రకృతి సేద్యం అని చెప్పి జనాన్ని భయపెడతా ఉండావే!" అని. ఫోన్లో ఆయనకి సరైన జవాబు చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే మూడేళ్ల కిందటి దాకా నేనూ అదే మాట అనేవాణ్ణి. అది ఎందుకు మారిందో ఇక్కడ వివరంగా రాస్తా ఉన్నాను. వీడియోలో ఇదంతా చెప్పే వీలు లేకపోయింది.

సంక్రాంతికి వారం ముందు. మనుబోలులో మా కయ్యల్లో వరికి ఆకుముడత కనపడింది. ఇంకా ముదరకముందే అగ్నాస్త్రం కాచి పిచికారీ చేద్దామనుకున్నాం. మాది పాత కొలతే. పదిహేను లీటర్ల ఆవు మూత్రం, కిలో పొగాకు, అరకిలో పచ్చిమిర్చి, అరకిలో వెల్లుల్లి, ఐదు కిలోల వేపాకు ముద్ద. పొగాకు చించి, మూత్రంలో తడిపి, రోట్లో వేసి నూరే పని అత్తకి అప్పజెప్పాను. సొంత అత్త కాదు, ఊరి వరస. అరవై దాటింది. మా నాయన కాలం నుంచీ మా పొలానికి వచ్చే మనిషి.

గంట గడిచిందో లేదో ఆమె పిలిచింది. "అబ్బయా, చేతులు మండతా ఉండాయి. తలకాయ తేలిపోతా ఉండాది" అంది.

"పొగాకు ఘాటులే అత్తా, అంతే. ఇదేమన్నా మందా? మన ఆకులేగా" అన్నాను నేను.

ఆమె నవ్వి మళ్లీ రోకలి పట్టుకుంది. ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేదు. పదకొండు గంటలకి నేను స్టార్టర్ దగ్గర్నుంచి వచ్చేసరికి గోడకి ఆనుకొని కూర్చొని ఉంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, రెండుసార్లు వాంతి. ఆటోలో గూడూరు తీసుకుపోయాం. డాక్టరు గారు ముందు అడిగిన మాట "ఏం మందు కొట్టారు?" అని. నేను తల ఎగరేసి "మాది ప్రకృతి సేద్యమండీ, మందులు వాడం" అన్నాను. మరి ఏం పని చేస్తా ఉండింది అంటే పొగాకు అని చెప్పాను. ఆయన ఆమె చీర కొంగు పట్టుకొని చూశారు. నడుము దగ్గర్నుంచి మోకాళ్ల దాకా ఆ రసంతో తడిసి ఉంది. "ఈ చీర ఇంకా ఎందుకు ఉంచారయ్యా ఒంటి మీద?" అని నర్సుల్ని పిలిచి, సబ్బుతో ఒళ్లు కడిగించి, వేరే బట్ట కట్టించాకే మిగతా వైద్యం మొదలుపెట్టారు. దారి పొడుగునా ఆ రసం ఆమె ఒంట్లోకి దిగుతానే ఉండిందని నాకు అప్పుడు అర్థమైంది. ఒక రాత్రి ఉంచుకొని మర్నాడు పంపించారు. అదృష్టం.

పొగాకులో ఉండేది నికోటిన్. అది నోట్లోకి పోతేనే పని చేస్తుందని చాలామంది అనుకుంటారు. చర్మం గుండా కూడా బాగా లోపలికి పోతుంది. ఆకు తడిగా ఉంటే, చేతికి చెమట పట్టి ఉంటే, చర్మం మీద గీతలో పుండ్లో ఉంటే ఇంకా తొందరగా పోతుంది. పచ్చి పొగాకు కోసే కూలీలకి తల తిరగడం, వాంతులు, నీరసం రావడం ప్రపంచమంతటా తెలిసిన జబ్బే, దానికి వైద్యంలో ఒక పేరు కూడా ఉంది. మన జిల్లాలో కలిగిరి, డీసీ పల్లి వైపు పొగాకు పండించే వాళ్లని అడగండి, మంచు తడి ఆరకముందు ఆకు కోస్తే ఏమవుతుందో వాళ్లే చెబుతారు. ఇంకో సంగతి. నికోటిన్ సల్ఫేటు అని ఒకప్పుడు పురుగుమందుగా అమ్మేవాళ్లు. ఇప్పుడు మన దేశంలో వాడకం నిషేధించిన మందుల జాబితాలో అది ఉంది. అంటే మనం రోట్లో నూరుకుంటా ఉన్నది, కంపెనీ డబ్బాలో వస్తే ప్రభుత్వం వాడొద్దని చెప్పిన సరుకుకి తోబుట్టువే.

ఇది చెప్పి అగ్నాస్త్రం మానేయమని అనడం లేదు. నేను ఇప్పటికీ కాస్తా ఉన్నాను. అది నేలలో త్వరగా విరిగిపోతుంది, కంపెనీ మందుల మాదిరి ఏళ్ల తరబడి ఉండదు. కానీ పురుగుని చంపగలిగింది ఏదైనా మనిషికి అసలేమీ చేయదు అనుకోవడం మన పిచ్చి. దశపర్ణిలో వేసే ఉమ్మెత్త ఎంత విషమో పల్లెటూళ్లో పుట్టిన వాళ్లకి చెప్పక్కర్లేదు. గన్నేరు ఆకు గుండె మీద దెబ్బ కొడుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయినప్పుడు మనమంతా "చూశారా, అందుకే ప్రకృతి సేద్యం" అని గొప్పగా చెప్పుకున్నాం. నేనూ మీటింగుల్లో చెప్పాను. ఆ మాట నిజమే. కాకపోతే ఆ గొప్పలో పడి మన రోలు దగ్గర కూర్చున్న మనిషిని చూడడం మరిచిపోయాం.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి ఇదీ. పొగాకు, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ముట్టుకునే పనికి మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. నూలు గ్లౌజులు వద్దే వద్దు, అవి రసాన్ని పీల్చి చేతికి పట్టు వేసినట్టు అంటిపెట్టుకుంటాయి, వట్టి చేతుల కన్నా హాని. నడుముకి పాత యూరియా సంచి కోసి కుట్టిన ప్లాస్టిక్ పట్టా. యూరియా మానేసి ఆరేళ్లయినా సంచులు మాత్రం పనికొస్తా ఉన్నాయి. పొయ్యి ఆరుబయట, గాలి మన వీపు వైపు నుంచి రావాలి. కలిపే కర్ర పొడుగ్గా ఉండాలి. పొంగేటప్పుడు మిర్చి ఆవిరి కళ్లకి కొడితే మనిషి వెనక్కి తుళ్లి కాగు మీదే పడొచ్చు, అందుకే కాగుని మూడు రాళ్ల మీద కాకుండా గట్టి పొయ్యి మీద పెడతా ఉన్నాం. కడుపుతో ఉన్న వాళ్లని, పిల్లకాయల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వం. చేతులు సబ్బుతో కడగకుండా ఆకూ వక్కా నోట్లో పెట్టకూడదు. బట్టలు తడిస్తే అక్కడికక్కడే మార్చుకోవాలి, అందుకని షెడ్డులో రెండు పాత చీరలు, ఒక లుంగీ ఎప్పుడూ ఉంటాయి. మిగిలిన కషాయం కూల్‌డ్రింక్ సీసాల్లో పోయడం మానేశాం. ఇది మాత్రం అందరికీ దండం పెట్టి చెబుతా ఉన్నాను, మానేయండి. రంగు చూసి పిల్లకాయలు తాగేస్తారు.

జీవామృతం విషయంలో భయపడేంత లేదు. కానీ చేతికో కాలికో తెగిన గాయం ఉన్నప్పుడు పేడ, మూత్రం కలపకండి. ఎలుక జ్వరం అని మనం పిలిచే లెప్టో జబ్బు ఎలుకల మూత్రం నుంచే కాదు, పశువుల మూత్రం నుంచి కూడా గాయాల గుండా వస్తుంది. వరి మడిలో వట్టి కాళ్లతో తిరిగే మనకి అది పొరుగింటి చుట్టం లాంటిది.

ఇంతవరకూ చెప్పింది జాగ్రత్తల గురించి. నాకు అసలు బుద్ధి వచ్చింది వేరే దగ్గర.

అత్త ఆసుపత్రి నుంచి వచ్చాక షెడ్డులోకి పోయి చూస్తే మేకుకి గ్లౌజులు వేలాడతా ఉన్నాయి. ఒక్క జత. నా చేతి కొలత. ఆమె చేతికి వేస్తే వేళ్లు జారిపోతాయి, రోకలి పట్టు దొరకదు. పైగా ఆమె నాకు ఒకసారి చెప్పింది. చెప్పినప్పుడు నేను నవ్వేశాను. రెండోసారి ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదత్తా అని తర్వాత అడిగితే "నువ్వే ఏం కాదంటివి గదబ్బయా. మళ్లీ చెబితే పని ఎగ్గొట్టడానికి సాకు అనుకుంటావేమోనని" అంది. ఆ రోజు కూలి కూడా ఆమె అడగలేదు, సగం రోజే చేశాను గదా అని. నేను ఇచ్చాననుకోండి. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటానే ఉంటుంది.

మా మండలానికి పక్కనే ముత్తుకూరు మండలం. అక్కడ కృష్ణపట్నం పోర్టు, నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వచ్చాక మా వైపు పిల్లకాయలు చాలామంది ఆ చుట్టుపక్కల పనులకి పోతా ఉండారు. మా అక్క కొడుకు కూడా ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరు. వాడు పొద్దున పని మొదలెట్టే ముందు పదినిమిషాలు అందర్నీ నిలబెట్టి మాట్లాడతారంట. ఈరోజు పని ఏంది, ఎక్కడ దెబ్బ తగలొచ్చు, నిన్న ఏం జరిగింది అని. టూల్ బాక్స్ టాక్ అంటారంట దాన్ని. ఏదైనా మిషన్ విప్పేటప్పుడు స్విచ్చికి ఎవరి తాళం వాళ్లు వేసుకొని తాళంచెవి జేబులో పెట్టుకుంటారు. దెబ్బ తగలకుండా తృటిలో తప్పిపోయినా సరే రాసి ఇవ్వాలి. వింటా ఉంటే నాకు ముచ్చటేసింది. ఇంతలో వాడే నవ్వుతా ఒక మాట చెప్పాడు. "మొన్న ఆదివారం మా మడిలో నీళ్లు పెట్టను పోయి, వట్టి కాళ్లతో తడి చేత్తో స్టార్టర్ నొక్కినా మామా."

అక్కడ బూట్లు, హెల్మెట్ లేకుండా గేటు దాటని వాడివి, ఇక్కడ ఇదేందిరా అంటే, "అక్కడ అడిగేవాడు ఉండాడు మామా. ఇక్కడ ఎవరడుగుతారు?" అన్నాడు.

వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలో గనులు, భవన నిర్మాణంతో పాటు ప్రమాదాలు ఎక్కువగా ఉండే మూడు రంగాల్లో వ్యవసాయం ఒకటి. 2001లో వ్యవసాయంలో భద్రత కోసమే ఆ సంస్థ 184వ నంబరు ఒప్పందం చేసింది. మన దేశంలో 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది, ఏటా ఆ తేదీనే జాతీయ భద్రతా దినం. ఫ్యాక్టరీల్లో జెండా ఎగరేసి ప్రతిజ్ఞ చేయిస్తారు. మార్చి మొదటి వారమంటే మా దగ్గర కోత మిషన్లు కయ్యల్లోకి దిగే రోజులు. ఆ రోజు ఏ గట్టు మీదా ఎవరూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు.

అందుకని మా వేపచెట్టు కింద మేమే మొదలుపెట్టాం. పొద్దున టీ తాగే ఐదు నిమిషాలు. మొదట్లో నేనే మాట్లాడేవాణ్ణి, అందరూ తల ఊపి లేచిపోయేవాళ్లు. "అంతా బాగుందా?" అని అడిగితే "బాగుందయ్యా" అనేవాళ్లు. దినకూలి మనిషి బాగాలేదని ఎందుకంటాడు? రేపు పిలవరేమోనని భయం. అప్పుడు ప్రశ్న మార్చాను. "నిన్న ఈ పొలంలో ఎవరికి గుండె దడదడలాడింది? ఎక్కడ?" అని. మూడో రోజుకి నోళ్లు విడిపోయాయి. ఒకడు బోరు గుంత దగ్గర కాలు జారిందన్నాడు. ఒకామె గడ్డి కోసే మిషన్లో కొంగు ఇరుక్కోబోయిందని చెప్పింది. అది పదిరోజుల కిందటి సంగతంట! పది రోజులు నాకు తెలియదు. మనవాళ్లు గండం తప్పితే దేవుడికి టెంకాయ కొట్టి మరిచిపోతారు. టెంకాయ కొట్టండి, తప్పులేదు. కానీ ఒక ముక్క రాసి పెట్టుకోవాలి. నలభై పేజీల నోటు పుస్తకం ఒకటి షెడ్డులో కట్టాం. తప్పిన గండాల పుస్తకం అని దానికి పేరు. చదువు రాని వాళ్లు చెబితే మా అమ్మాయి రాస్తుంది. అందులో రాసినందుకు ఎవరినీ తిట్టకూడదు, అది ఒక్కటే నియమం. నేను రెండుసార్లు ఆ నియమం తప్పాను. రెండుసార్లూ ఆ తర్వాత వారం రోజులు పుస్తకం ఖాళీగా ఉండిపోయింది.

ఆ పుస్తకంలో ఎక్కువ పేజీలు కరెంటువే. మాకు పగలు తొమ్మిది గంటల కరెంటు వచ్చాక రాత్రి టార్చి లైటుతో పోయి మోటారు వేసే బాధ తగ్గింది, దాంతో షాకులూ పాముకాట్లూ కొంత తగ్గాయి. కానీ పాత వైర్లు, ఎర్తింగ్ లేని స్టార్టర్ డబ్బాలు, మూత లేని ఫ్యూజులు అలానే ఉన్నాయి. మా మేనల్లుడి దగ్గర నేర్చుకున్న తాళం పద్ధతిని ఇలా మార్చుకున్నాం. మోటారు దగ్గర గాని, పైపు దగ్గర గాని పని ఉంటే స్టార్టర్ ఆపడంతో సరిపెట్టం. మూడు ఫ్యూజులూ పీకి, పని చేసే మనిషి జేబులోనే ఉంచుకుంటాడు. నా జేబులో కాదు, అతని జేబులో. కరెంటు లేదు కదా అని చెయ్యి పెడతాం, అది ఎప్పుడు వస్తుందో మనకి తెలియదు. ఆటో స్టార్టర్ పెట్టుకున్న వాళ్లకి ఇది మరీ ముఖ్యం, మోటారు దానంతట అదే తిరుగుతుంది. స్టార్టర్ కింద ఎండు చెక్క పలక, పక్కనే ఒక జత రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే మనమే వేసుకుందామనే ధైర్యం వద్దు. లైన్‌మన్‌ని పిలవండి, లేదా 1912కి ఫోన్ చేయండి. ఒక తడి ఆలస్యమైతే వరి చావదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వెళ్లిన మర్నాడు మా కాలవ గట్టు మీద తీగ ఒకటి నడుమెత్తున వేలాడతా ఉంది. దాంట్లో కరెంటు ఉందో లేదో చూడడానికి ఒకడు పచ్చి కర్ర తీసుకొని పోబోయాడు. "ఆగు" అని అరిచింది మా దగ్గర పనికి వచ్చే ఇరవయ్యేళ్ల అమ్మాయి. ఆ మాట అనే ధైర్యం ఆమెకి వేపచెట్టు కిందే వచ్చిందని నా నమ్మకం. పంది బెడదకి కంచెకి నేరుగా కరెంటు పెట్టే వాళ్లకి మాత్రం నేను చెప్పేదేమీ లేదు. అది నేరం, మనుషుల్ని చంపే పని.

రెండోది గుంతలు. గోబర్ గ్యాస్ ఉన్నవాళ్లు, పాడుబడ్డ బావి పూడిక తీయించేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు మండలం మొరం దగ్గర ఒక కోళ్ల హేచరీలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముందు దిగినవాళ్లు పైకి రాకపోతే వాళ్లని తీద్దామని మిగతావాళ్లు దిగారు. ఇలాంటి ప్రమాదాలన్నిట్లో ఇదే జరుగుతుంది. పేడ, మురుగు కుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముందు ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన పోయింది గదా అని మనం దిగుతాం. రెండు మూడు పీల్పుల్లో మనిషి పడిపోతాడు. లాంతరు దించి చూసే పాత పద్ధతి ఈ గ్యాసుకి పనికిరాదు. లాంతరు వెలుగుతానే ఉంటుంది, మనిషి ఉండడు. పైగా గోబర్ గ్యాసులో మీథేన్ ఉంటుంది, మంట చూపిస్తే పేలుతుంది. మా గుంతలో అడుగు మడ్డి పైనుంచే పొడుగు కర్రతో కలిపి, మడ్డి పంపుతో తోడేస్తా ఉన్నాం. మనిషి దిగడం అనేది లేదు. ఎవరైనా పడిపోతే దిగొద్దు, దిగొద్దు, దిగొద్దు. 108కి, అగ్నిమాపక కేంద్రం 101కి ఫోన్ చేసి, పైనుంచి తాడు, గాలి. కళ్ల ముందు తమ్ముడు పడిపోతే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆ మాట ముందే, వేపచెట్టు కింద, చల్లగా ఉన్నప్పుడే అనుకోవాలి.

పాముల గురించి మన సేద్యంలో ఎవరూ మాట్లాడరు. ఆచ్ఛాదన బాగా వేసిన చోట వానపాములతో పాటు ఎలుకలు, కప్పలు, వాటి వెనకాల పాములూ వస్తాయి. ఇది ఆచ్ఛాదన తప్పు కాదు, నేల బతికిందని గుర్తు. కానీ ఆ గడ్డిలోకి వట్టి చెయ్యి పెట్టకూడదు. నిమ్మ పాదుల్లో ముందు కర్రతో కదిపి, ఆ తర్వాతే కలుపు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు మా దగ్గర నాలుగు జతలున్నాయి, నాలుగూ వేరువేరు సైజులు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటు చావులు ఏడాదికి సగటున 58,000 అని లెక్కగట్టారు, ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనది ఒకటి. 2030 నాటికి వీటిని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. కాటేస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం దగ్గర గంట పోగొట్టొద్దు. విరిగిన కాలికి కట్టినట్టు బద్ద పెట్టి, కదలకుండా పడుకోబెట్టి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు, పామును చంపి సంచిలో వేసుకుపోనక్కర్లేదు. కళ్లం కాపలాకి రాత్రిళ్లు నేల మీద పడుకునే వాళ్లు మంచం, దోమతెర వాడండి. కట్లపాము కాటు చీమ కుట్టినంత కూడా తెలియదు, పొద్దున రెప్పలు వాలిపోయాక తెలుస్తుంది. ఏ ఆసుపత్రిలో మందు ఉందో సీజను మొదట్లోనే కనుక్కొని గోడ మీద రాసుకోండి. మాకైతే హైవే పక్కనే ఉంది కాబట్టి గూడూరో నెల్లూరో త్వరగా చేరతాం. లోపలి ఊళ్లవాళ్లకి ఈ పని మరీ అవసరం.

గడ్డి కోసే మిషన్‌కి గడ్డి తోసే దోనె మీద రేకు మూత వేయించాం, చెయ్యి కత్తుల దాకా పోదు. కొంగు నడుముకి బిగించి దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. కలుపుమందు మానేసి బ్రష్ కట్టర్ పట్టినవాళ్లు కళ్లద్దాలు మరవకండి, రాయి ఎగిరితే కన్ను పోతుంది, చుట్టూ పదిహేను మీటర్లలో ఎవరూ ఉండకూడదు. నవధాన్యాల ముందస్తు విత్తనాలు చల్లేది ఎండాకాలంలోనే కాబట్టి ఆ పని తెల్లవారుజామున మొదలెట్టి పదికల్లా ఆపేస్తాం. ఆపినందుకు కూలి కోయం.

ఒక్క విషయంలో మాత్రం మేము ఇంకా సరిగ్గా లేము, దాచడం ఎందుకు? కూలోళ్ల ప్రయాణం. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి పోయే ఆడవాళ్ల ట్రాక్టరు కాలవలో పడి పదిహేను మంది పోయారు. 2022 జూన్‌లో మన సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో కూలీల ఆటో మీద కరెంటు తీగ పడి ఐదుగురు ఆడవాళ్లు కాలిపోయారు. ఉడత వల్ల తీగ తెగిందని అప్పుడు చెప్పారు, అందరికీ గుర్తుండే ఉంటుంది. అయినా నాట్ల రోజుల్లో ఒక ఆటోలో పదిమంది దిగితే నేను లెక్క పెట్టకుండా ముఖం తిప్పుకున్న రోజులున్నాయి. రెండు ఆటోలకి డబ్బులు ఇవ్వాలంటే చెయ్యి వెనక్కి పోతుంది. ఈ ఏడాది నాట్లకి ఒక ఆటోకి ఆరుగురే అని మేస్త్రీతో ముందే మాట్లాడుకున్నాను, రెండో ఆటో బాడుగ నాదే. ఎంతవరకు నిలబడతానో చూడాలి.

బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి కూలి మనిషికీ ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి ఇరవై రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల దాకా. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. మా దగ్గర పదకొండు మందికి ఆ ఇరవై నేనే కడతా ఉన్నాను. మే నెలాఖరులో ఖాతా నుంచి డబ్బు పోతుంది, అప్పటికి ఖాతాలో ఆ కాస్తా ఉందో లేదో చూసుకోవాలి.

అత్త ఇప్పటికీ మా పొలానికి వస్తుంది. ఆమె చేతి కొలతకి చిన్న గ్లౌజులు నెల్లూరు నుంచి తెచ్చాను. అయినా పొగాకు పని మాత్రం ఆమెకి చెప్పడం లేదు. పోయిన వారం వీడియో తీసిన రోజు సాయంత్రం తప్పిన గండాల పుస్తకంలో ఆమె మా అమ్మాయి చేత రాయించిన ముక్క ఇదీ: "అబ్బయ కళ్లద్దాలు పెట్టుకున్నాడు గాని, కెమెరాలో బాగా కనపడాలని కాగు మీదికి వంగి మాట్లాడినాడు. పక్క నుంచి గాలి తిరిగింది. నేను లాగినా."

నిజమే, లాగింది. వీడియోలో ఆ ముక్క నేను కత్తిరించేశాను. రేపు మళ్లీ కలిపి పెడతాను.